న్యూట్రల్‌లో గుర్రుమంటున్న గేరుబాక్సు: విప్పించే ముందు వినవలసినవి

ప్రశ్న: నాది ఆరు టైర్ల లారీ. అయిదు గేర్లు, టాప్ గేరు డైరెక్ట్. పిడుగురాళ్ల నుంచి సున్నం లోడు వేసుకుని మిర్యాలగూడ, నల్గొండ మీదుగా హైదరాబాదుకు తిప్పుతుంటాను. రెండు నెలలుగా బండి నిలబడి ఉన్నా సరే, న్యూట్రల్‌లో ఇంజను ఆడుతుంటే గేరుబాక్సు వైపు నుంచి గుర్రుమని శబ్దం వస్తోంది. క్లచ్ తొక్కితే ఆగిపోతోంది. లోడు మీద రెండు, మూడు, నాలుగు గేర్లలో బాగా వినిపిస్తుంది, టాప్‌లో పడ్డాక చాలావరకు తగ్గుతుంది. బండి కదిలేటప్పుడు వెనక ఒక్కసారి టక్కుమంటుంది కూడా. ఒక మెకానిక్ రిలీజ్ బేరింగు అన్నారు. ఇంకొకరు క్రౌన్ అన్నారు. మూడో ఆయన గేరుబాక్సు మొత్తం తీసేసి సెకండ్ హ్యాండుది బిగించుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి? (పల్నాడు జిల్లా నుంచి ఒక లారీ యజమాని)

సమాధానం: మీరు శబ్దం ఎలా ఉందో మాత్రమే కాకుండా అది ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు ఆగుతోందో కూడా రాశారు. గేరుబాక్సు విషయంలో సగం పరీక్ష అక్కడే పూర్తవుతుంది. మీరు రాసినదాన్ని బట్టి నా అభిప్రాయం ఇది: లోపం గేరుబాక్సు లోపలే, అదీ ముందు భాగంలో లేదా కింది షాఫ్టు బేరింగుల్లో ఉంది. ఈ గుర్రుమనే శబ్దానికి పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు కారణం కాదు, వెనక ఇరుసులో ఉండే పెద్ద పళ్ల చక్రం క్రౌన్ అసలే కాదు. గేరుబాక్సు మొత్తం మార్చవలసిన అవసరం ఇప్పటికైతే కనిపించడం లేదు, అయితే మరో రెండు నెలలు ఇలాగే తిప్పితే ఆ అవసరం నిజంగానే రావచ్చు. అందువల్ల కింది పరీక్షలు చేయించేవరకు నిండు లోడు వేయవద్దని ముందుగానే కోరుతున్నాను.

కారణం అర్థం కావాలంటే పెట్టె లోపల ఏ సమయంలో ఏది తిరుగుతుందో తెలియాలి. క్లచ్ ప్లేటు నుంచి గేరుబాక్సులోకి వచ్చేది క్లచ్ షాఫ్టు. దాని చివరనున్న గేరు, కింద ఉన్న కౌంటర్ షాఫ్టు ముందరి గేరుతో ఎప్పుడూ పళ్లు కలిపే ఉంటుంది. కౌంటర్ షాఫ్టు మీది మిగిలిన గేర్లు పైనున్న మెయిన్ షాఫ్టు మీది గేర్లను ఎల్లవేళలా తిప్పుతూనే ఉంటాయి, కాని మీరు లివరు వేసి, షాఫ్టు మీద అటూ ఇటూ జరిగే స్లీవును ఏదో ఒక గేరుకు జత చేసేవరకు ఆ గేర్లు మెయిన్ షాఫ్టు మీద వట్టిగా తిరుగుతాయే తప్ప షాఫ్టును తిప్పవు. అంటే బండి నిలబడి, న్యూట్రల్‌లో, క్లచ్ మీద కాలు లేకుండా ఉన్నప్పుడు క్లచ్ షాఫ్టు, కౌంటర్ షాఫ్టు, వాటి బేరింగులు, వట్టిగా తిరిగే గేర్లు, రివర్స్ గేరు జత కదులుతుంటాయి. మెయిన్ షాఫ్టు, దాని నుంచి వెనక ఇరుసుకు బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్టు, ఇరుసు మధ్యనున్న హౌసింగులోని గేర్లు, చక్రాలు కదలవు. క్రౌన్ అన్న మెకానిక్ మాట ఇక్కడే వీగిపోతుంది, ఎందుకంటే నిలబడిన బండిలో క్రౌన్ తిరగదు, తిరగనిది గుర్రుమనదు.

రిలీజ్ బేరింగు సంగతి ఇందుకు దాదాపు తలకిందులుగా ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడే దాని మీద ప్రెషర్ ప్లేటు వేళ్ల బరువు పడుతుంది కాబట్టి, అది పాడైతే తొక్కినప్పుడు అరుస్తుంది, వదిలితే ఊరుకుంటుంది. మీ బండిలో తొక్కితే శబ్దం ఆగుతోంది. అయితే ఒక చిన్న మినహాయింపు ఉంది. కొన్ని బండ్లలో పెడల్ వదిలి ఉన్నప్పుడు కూడా రిలీజ్ బేరింగు వేళ్లను తేలికగా తాకుతూ, బరువు లేక గిలగిలలాడుతూ చప్పుడు చేస్తుంది. దాన్ని తేల్చుకోవడానికి ఇంజను న్యూట్రల్‌లో ఆడుతుండగా పెడల్‌ను ఫ్రీ ప్లే తీరేంతవరకే, అంటే కాలికి బరువు తగలడం మొదలయ్యేంతవరకే నొక్కి పట్టండి. అంత మాత్రానికే శబ్దం మాయమైతే మొదటి మెకానిక్ మాటను తీసిపారేయకూడదు. శబ్దం అలాగే ఉండి, పెడల్ పూర్తిగా తొక్కాక మూడు నాలుగు సెకన్లపాటు నీరసిస్తూ ఆగిపోతే, అది గేరుబాక్సు షాఫ్టులు తిరిగి తిరిగి నిలిచిపోతున్న తీరే. ఆ నీరసించే పద్ధతిని శ్రద్ధగా వినండి. పూర్తిగా తొక్కినా శబ్దం తగ్గకపోతే, రివర్స్ వేసేటప్పుడు పళ్లు గీరుకుంటుంటే, క్లచ్ సరిగ్గా విడవడం లేదని అర్థం. అప్పుడు ముందుగా క్లచ్ అడ్జస్ట్‌మెంటు సరిచేసి ఈ పరీక్షను మళ్లీ చేయాలి.

గుర్రుమనడం వేరు, గలగలమనడం వేరు. డీజిల్ ఇంజను ఐడిల్‌లో సమంగా తిరగదు, ఒక్కో సిలిండరులో డీజిలు మండినప్పుడల్లా చిన్న కుదుపు ఇస్తుంది. ఆ కుదుపులను మింగడానికి క్లచ్ ప్లేటులో స్ప్రింగులు ఉంటాయి. అవి విరిగినా, సడలినా, వట్టిగా తిరుగుతున్న గేర్ల పళ్లు ఒకదానికొకటి తగిలి డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగలమంటాయి. న్యూట్రల్‌లో ఇంజను వేగాన్ని నిమిషానికి 600 నుంచి 900 చుట్ల వరకు మెల్లగా పెంచి చూడండి. గలగల అయితే పోతుంది. బేరింగు గుర్రు అయితే పోదు, ఇంజను వేగంతో పాటు దాని స్వరమూ పెరుగుతుంది. మీది రెండోదే అయి ఉంటుందని అనుకుంటున్నాను, కాని నిమిషంలో తేలిపోయే పరీక్ష కాబట్టి చేసి చూడండి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట, టాప్ గేరులో శబ్దం తగ్గుతుందన్నది. డైరెక్ట్ టాప్‌లో స్లీవు క్లచ్ షాఫ్టును, మెయిన్ షాఫ్టును నేరుగా ఒకటిగా కలుపుతుంది. ఇంజను బలం కౌంటర్ షాఫ్టు దారిన పోదు. కౌంటర్ షాఫ్టు అప్పుడూ తిరుగుతుంది గాని దాని మీద భారం ఉండదు. మిగిలిన గేర్లలో మాత్రం బలమంతా క్లచ్ షాఫ్టు గేరు నుంచి కిందికి దిగి, కౌంటర్ షాఫ్టు వెంట పోయి, మళ్లీ పైకి ఎక్కుతుంది. పళ్లు ఒకదాన్నొకటి నెట్టుకునే ఆ బలం షాఫ్టులను ఎడంగా తోస్తుంటుంది, ఆ తోపును కాచేవి బేరింగులు. అందుచేత రెండు, మూడు, నాలుగులో ఎక్కువై టాప్‌లో తగ్గే గుర్రుకు అనుమానించవలసినవి కౌంటర్ షాఫ్టు ముందు వెనక బేరింగులు, క్లచ్ షాఫ్టు బేరింగు, క్లచ్ షాఫ్టు గేరు, దానితో ఎప్పుడూ కలిసి ఉండే కౌంటర్ షాఫ్టు గేరు అనే ముందరి జత, వీటితో పాటు క్లచ్ షాఫ్టు వెనక గుంతలో మెయిన్ షాఫ్టు ముక్కును మోసే చిన్న రోలర్ బేరింగు. ఆ చిన్న బేరింగును చాలామంది మరచిపోతారు. టాప్‌లో రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి దానికి పనే ఉండదు, కింది గేర్లలో మాత్రం రెండు షాఫ్టుల వేగాల మధ్య తేడా అంతా దాని మీదే పడుతుంది.

క్లచ్ షాఫ్టు బేరింగు టాప్‌లోనూ తిరుగుతుంది కదా, అది పోయి ఉంటే టాప్‌లోనూ అరవాలి కదా అని కొందరు వాదిస్తారు. తిరగడం నిజమే, కాని టాప్‌లో పళ్ల తోపు లేనందున దాని మీద భారం బాగా తక్కువ, కాబట్టి ఆ శబ్దం కూడా కొంత తగ్గుతుంది. టాప్‌లో తగ్గిందన్న ఒక్క కారణంతో దాన్ని నిర్దోషి అనడానికి వీల్లేదు. ఇవన్నీ ఒకే పెట్టెలో, ఒకసారి దించితే అందే దూరంలో ఉన్నవే కనుక, వీటిలో ఏదన్నది దించకముందే పట్టుబట్టి తేల్చవలసిన పనీ లేదు. దించాలా వద్దా అన్నదే ముందు తేలాలి. మీ విషయంలో దించాలి.

ఒకే గేరులో శబ్దం వచ్చే బండ్ల యజమానులు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట చెబుతాను. మూడో గేరులో మాత్రమే శబ్దం వస్తే మూడో గేరు లోపల సూదుల్లాంటి సన్నని రోలర్లుండే నీడిల్ బేరింగు పోయిందనడం షెడ్లలో తరచుగా వినే పొరపాటు. మూడో గేరు వేసినప్పుడు ఆ గేరు మెయిన్ షాఫ్టుకు బిగుసుకుని దానితో కలిసే తిరుగుతుంది, కాబట్టి ఆ నీడిల్ బేరింగు అప్పుడు విశ్రాంతిలో ఉంటుంది. అది పాడైతే శబ్దం రావలసింది మిగిలిన గేర్లలో. ఒకే గేరులో శబ్దం వస్తే ఆ గేరు జత పళ్లు అరిగాయో, పగిలాయో చూడాలి. పన్ను పగిలితే గుర్రు ఉండదు, చుట్టుకు ఒకసారి తగిలే టకటక ఉంటుంది. రివర్స్‌లో వచ్చే కూతకు మాత్రం భయపడనవసరం లేదు. రివర్స్ గేర్లకు చాలా పెట్టెల్లో నిటారు పళ్లు ఉంటాయి, వాటి గుణమే అది.

ఇక బండి కదిలేటప్పుడు వెనక వచ్చే టక్కు. దీన్ని ఆ గుర్రుతో కలపకండి, ఇది వేరే ఫిర్యాదు. బండిని సమతలంలో ఆపి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. షాఫ్టు కొసల జాయింట్లలో ఉండే క్రాసుల దగ్గర ఆట ఉందా, స్లిప్ జాయింటు పళ్లలో ఉందా, సెంటర్ బేరింగు రబ్బరు చినిగిందా, హౌసింగు ఫ్లాంజి నట్టు సడలిందా అన్నది అక్కడే తెలుస్తుంది. కొద్దిపాటి ఆట క్రౌన్‌కూ, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కూ మధ్య ఎప్పుడూ ఉంటుంది, క్రాసులో మాత్రం చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. టక్కు కదిలేటప్పుడు ఒక్కసారితో ఆగక బండి నడుస్తుంటే పదేపదే వస్తే దాన్ని లెక్కపెట్టవచ్చు. 10.00-20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.3 మీటర్లు పోతుంది. నడక వేగంతో పోతూ ఆ దూరానికి ఒక్కసారి టక్కుమంటే చక్రం వైపు వెతకాలి, అదే దూరంలో 5 నుంచి 7 సార్లు అంటే ప్రొపెల్లర్ షాఫ్టు వేగంతో తిరిగేదాన్ని వెతకాలి. మీ ఉత్తరాన్ని బట్టి క్రాసులే నా మొదటి అనుమానం. గేరుబాక్సు దించేటప్పుడు షాఫ్టు ఎటూ విప్పుతారు, అప్పుడే వాటిని చూడమనండి. విప్పే ముందు రెండు ఫ్లాంజిల మీదా, స్లిప్ జాయింటు మీదా గుర్తులు పెట్టించండి. తిరిగి బిగించేటప్పుడు షాఫ్టు వేరే పళ్లలో కూర్చుంటే కొత్తగా వణుకు మొదలవుతుంది.

దించే ముందు ఒకసారి కడ్డీ పెట్టి వినండి. మెకానిక్‌ల స్టెతస్కోపు ఉంటే మంచిది, లేకుంటే చెక్క పిడి ఉన్న పొడవైన స్క్రూడ్రైవరు చాలు. మొనను పెట్టె మీద బేరింగు కూర్చునే చోట ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించాలి. క్లచ్ షాఫ్టు బేరింగు ముందు వైపు పైన, కౌంటర్ షాఫ్టు బేరింగులు ముందూ వెనకా కింద, మెయిన్ షాఫ్టు బేరింగు వెనక పైన ఉంటాయి. ఇనుము శబ్దాన్ని అన్ని దిక్కులకూ మోస్తుంది కనుక ఒక్క చోట విని తీర్పు చెప్పకూడదు, నాలుగు చోట్లా విని ఎక్కడ పదునుగా ఉందో పోల్చుకోవాలి. నేను పని నేర్చుకున్న రోజుల్లో నాకు మొదట అప్పగించిన పని ఇదే. పాడైన పెట్టె కన్నా ముందు బాగున్న పెట్టెను వినమనేవారు, అది విననివాడికి ఇది అర్థం కాదని. మీరూ ఇదే మోడలు బండి నడిపే స్నేహితుడి లారీని ఒక పూట విని చూడండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరువవద్దు. బండి న్యూట్రల్‌లో, చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలతో, హ్యాండ్ బ్రేకుతో ఉండాలి. క్యాబిన్‌లో మీరు నమ్మే మనిషి తప్ప ఎవరూ ఉండకూడదు. లుంగీతో, మెడలో తువ్వాలుతో కిందికి దూరవద్దు. తిరిగే షాఫ్టు బట్టను పట్టుకుంటే మనిషిని వదలదు.

తర్వాత గేరుబాక్సు ఆయిలు. బండి తిరిగి వచ్చి వెచ్చగా ఉన్నప్పుడే శుభ్రమైన తొట్టిలోకి దించండి, చల్లారితే లోహపు పొడి అడుగునే ఉండిపోతుంది. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి అంటిన బూడిద రంగు మెత్తని ముద్దను చూసి కంగారు పడవద్దు, అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య రుద్దితే గుచ్చుకునే రేకులు, పెచ్చులు బేరింగు ఊడుతోందనడానికి గుర్తు. మూలలు తేలిన గట్టి ముక్క దొరికితే అది గేరు పన్ను. బంగారు వన్నె మెరుపు, గేర్లు గీరుకోకుండా పడేలా చూసే సింక్రో రింగుల ఇత్తడిది. పాలలా తెల్లబడితే నీరు కలిసింది. ఎంత దిగిందో కూడా కొలవండి. సమతలంలో ఫిల్లర్ రంధ్రం అంచు దాకా ఉండవలసిన ఆయిలు బాగా తక్కువగా దిగితే అది ఎటు పోయిందో వెతకాలి. ముందు సీలు కారితే క్లచ్ హౌసింగులోకి పోతుంది, పైన గాలి పోయే రంధ్రం, అంటే బ్రీదరు, మట్టితో, మీ విషయంలో సున్నపు పొడితో, మూసుకుపోతే వేడెక్కిన గాలి సీళ్ల గుండా ఆయిలును బయటికి నెడుతుంది. సున్నం తోలే బండికి బ్రీదరు శుభ్రం చేయడం అలవాటుగా ఉండాలి.

మీరున్న చోటి నుంచి గుంటూరు, విజయవాడ ఆటోనగర్లు రెండూ అందుబాటులోనే ఉన్నాయి. గేరుబాక్సు పనే చేసే షెడ్డుకు ఇవ్వండి, అన్ని పనులూ చేసేవారికి కాదు. విప్పేటప్పుడు మీరు దగ్గర ఉండండి. క్లచ్ షాఫ్టు బేరింగు, కౌంటర్ షాఫ్టు రెండు బేరింగులు, లోపలి చిన్న రోలర్ బేరింగు, సీళ్లు, ఫ్లైవీలులో క్లచ్ షాఫ్టు ముందు కొసను మోసే పైలట్ బేరింగు, ఇవన్నీ ఒకేసారి మార్చించండి. ఒక్కటే పోయినట్టు కనిపించినా మిగిలినవీ అదే పెచ్చులున్న ఆయిల్లో తిరిగినవే. ఆ ముందరి గేర్ల జతలో ఒకదాని పళ్లు గుంతలు పడితే రెండూ కలిపి జతగానే మార్చాలి. కొత్త పన్ను పాత పన్నుతో కలిస్తే కూత పుడుతుంది. బేరింగులు బిల్లు ఇచ్చే డీలరు దగ్గర, పాత రింగు మీది నంబరు చూపించి కొనండి.

బేరింగు కూర్చునే గుంత అరిగి వదులైతే కొన్నిచోట్ల దాని లోపలి గోడ మీద చుట్టూ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగుతు చేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ చుక్కలు కొన్నాళ్లకే నలిగిపోతాయి, బేరింగు మళ్లీ గుంతలో తిరగడం మొదలుపెడుతుంది, షాఫ్టు పక్కకు ఒరిగి పళ్లు అంచుల మీద నడుస్తాయి. లేత్ మీద గుంతను పెద్దది చేసి కొలతకు బుష్ వేయించాలి, లేదా కేసింగు మార్చాలి. కొత్త బేరింగును సుత్తితో, గ్యాసు మంటతో ఎక్కించనివ్వకండి. ఆయిల్లో సుమారు 110 డిగ్రీల వరకు వేడిచేస్తే షాఫ్టు మీదికి చేతితోనే జారుతుంది, 120 దాటించకూడదు. బయటి రింగు మీద ఒక్క సుత్తి దెబ్బ పడినా ఆ బలం గుండ్ల గుండా పోయి లోపలి దారిలో గుంతలు పెడుతుంది. కొత్త బేరింగు మొదటి రోజే గుర్రుమనడానికి తరచుగా కారణం అదే. టేపర్ రోలర్ బేరింగులైతే షిమ్ములు, అంటే సందును సరిచేసే పలుచని రేకులు, కంపెనీ మాన్యువల్‌లోని కొలతకు పెట్టాలి, చేతి అంచనాకు కాదు.

సెకండ్ హ్యాండ్ పెట్టె గురించి. కొన్నిసార్లు అది సరైన దారే. కేసింగు పగిలినా, మూడు నాలుగు గేర్లు ఒకేసారి పోయినా బాగుచేయించే ఖర్చు దాన్ని మించుతుంది. మీ బండిలో ఇంతవరకు గేరు జారడం లేదు, పళ్లు గీరుకోవడం లేదు. బేరింగులు మాత్రమే పోయిన, చరిత్ర మీకు తెలిసిన సొంత పెట్టెను ఇచ్చేసి, ఎవరి బండిలో ఎంత లోడు మోసిందో తెలియని పెట్టెను తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. తప్పనిసరై కొన్నా, విప్పించి బేరింగులు చూశాకే బిగించండి.

మీరు అడగకపోయినా చెప్పవలసింది ఒకటి ఉంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదిలే అలవాటు మన డ్రైవర్లలో చాలామందికి ఉంది. అలా వదిలినప్పుడు చక్రాలు మెయిన్ షాఫ్టును జోరుగా తిప్పుతుంటాయి, ఆయిలును పైకి చిమ్మవలసిన కౌంటర్ షాఫ్టు మాత్రం ఐడిల్ వేగంతో నెమ్మదిగా తిరుగుతుంది. వేగంగా తిరిగే భాగానికి ఆయిలు అందక పైనున్న బేరింగులు ఎండుతాయి. ఇంజను పట్టు లేక బ్రేకులు కాగి, అవసరమైన క్షణంలో పట్టకపోవచ్చు. ఆదా అయ్యే డీజిలు ఆ ప్రాణాపాయానికి ఏ విధంగానూ సరితూగదు. లోడు విషయమూ అంతే. బాల్ బేరింగు ఆయుష్షు దాని మీది భారపు ఘనానికి విలోమంగా ఉంటుంది, అంటే బేరింగు మీద భారం నాలుగో వంతు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. ఎక్కువ లోడు వేసిన బండి కింది గేర్లలో ఎక్కువసేపు నడుస్తుంది, మీ కౌంటర్ షాఫ్టు భారం మోసేది సరిగ్గా ఆ గేర్లలోనే.

పని పూర్తయ్యాక బండి మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే పోయించండి. ఇత్తడి సింక్రో రింగులున్న పెట్టెకు జీఎల్-4 అని రాసి ఉంటే, హౌసింగుకు తెచ్చిన జీఎల్-5 డబ్బా మిగిలింది కదా అని అందులో పోయనివ్వకండి, అందులోని రసాయనాలు ఇత్తడిని తినవచ్చు. మొదటి 1,000 కిలోమీటర్లు తక్కువ లోడుతో తిప్పి, ఆ ఆయిలును వెచ్చగా దించి అయస్కాంతాన్ని చూడండి. మెత్తని ముద్ద ఉంటే కొత్త ఆయిలు పోసి నిండు లోడు వేసుకోండి. పెచ్చులు కనిపిస్తే శబ్దం లేకపోయినా సరే, ఆ పెచ్చులను గుడ్డలో కట్టుకుని అదే షెడ్డుకు వెళ్లండి.